కప్ హింజ్ గారికి విన్నపం

మహారాజశ్రీ కప్ హింజ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే, తమరు కుశలమే. వంటింటి అలమరాల కొత్త తలుపుల లోపలి వైపు, గుండ్రటి గుంటలో బయటికి కనబడకుండా కూర్చునే బందు కదా, నికెల్ మెరుపుతో హాయిగా ఉన్నారు. మా మధ్యాహ్నమంతా తమరి ముందు మోకాళ్ల మీదే గడిచిపోయింది.

అలమరాల పెట్టెలు గట్టిగానే ఉన్నాయి, తలుపులు మారిస్తే చాలు, వంటిల్లు కొత్తదైపోతుందని వీడియోలో చెప్పారు. ఆ వీడియోలో ఎవరికీ చెమట పట్టలేదు. సరే, తమరి కోసం 18 మి.మీ. తలుపులో 35 మి.మీ. గుంట తొలిచాం, సుమారు 12 మి.మీ. లోతున. అవతలి లామినేట్‌కి మిగిలింది 6 మి.మీ. డ్రిల్ తిరిగినంతసేపూ ఊపిరి బిగబట్టుకున్నాం. పెట్టెలోని పార్టికల్ బోర్డులో పట్టు వదిలిన పాత స్క్రూ రంధ్రాల్లో అగ్గిపుల్లలు, జిగురు కుక్కి మరీ తమరిని పెట్టెకి పట్టి ఉంచే ప్లేట్లు బిగించాం. అదంతా క్షమించేశాం.

కానీ ఆ సందు సంగతేమిటండీ?

మూడు దిక్కులా సరిచేసుకోవచ్చని డబ్బా మీద మీరే రాయించుకున్నారు. ముందు స్క్రూతో పక్కలకి, వెనక స్క్రూతో లోపలికీ బయటికీ, ప్లేటు స్క్రూలతో పైకీ కిందికీ. బాగుంది. పక్కపక్క తలుపుల మధ్య సందు పైన 2 మి.మీ., కింద 4. కింది హింజ్ ముందు స్క్రూ కాస్త తిప్పాను. సందు సమానమైంది, తలుపు అవతలి మూల పైకి లేచింది. ప్లేటు వదులు చేసి దించాను. మూల దిగింది, కింది అంచు పక్కదానితో కలవలేదు. పక్కదాన్ని దించితే దాని పక్కది పైకి కనబడుతోంది! ఈ సందు చావదు, మకాం మారుస్తుంది. మొదటి తలుపు దగ్గర తరిమితే వరస చివర గోడ పక్కన తేలింది. అక్కడ తరిమితే మళ్లీ మొదటికే.

పెట్టె మూలమట్టంలో లేదంటావా? ఏ వంటింట్లో ఉందయ్యా మూలమట్టం! అన్నీ తిన్నగా ఉంటే నీకు మూడు స్క్రూలెందుకు, మేకులు చాలవూ? పైగా ఒకటి తిప్పితే ఇంకోటి కదిలేలా పెట్టుకుని దానికి సర్దుబాటని పేరా? కంటికి ఆనని రెండు మిల్లీమీటర్లట! నాకు ఆనుతోంది. ఇప్పుడు గదిలో అదొక్కటే ఆనుతోంది.

పోనీ, కోపం తీరేలా ధడాలున మూద్దామంటే సాఫ్ట్ క్లోజ్ ఒకటి తగిలించుకున్నావు. బలమంతా పెట్టి విసిరితే చివర్లో ఆగి, సుతారంగా, చప్పుడే లేకుండా మూసుకుంది. ఒళ్లు మండిపోయింది. రెండోసారీ విసిరాను. నిజం చెప్పాలంటే ఆ మూసుకోవడం చూడముచ్చటగా ఉంది, అందుకే మూడోసారి కూడా. అయినా సరే.

పై వరసకి నిన్ను పెట్టను. బయటికి కనబడే మామూలు ఇత్తడి బందులు బిగిస్తాను. వాటికి సరిచేసే స్క్రూలుండవు, నాకు ఆశా ఉండదు.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ ఇంకా కింద పెట్టని మనిషి