ఎన్‌వీడీఏ చాలదనడం సరికాదు
జాస్, ఎన్‌వీడీఏ రెండూ కంప్యూటర్ తెర మీది అక్షరాలను అంధులకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్లు. ఉద్యోగం కావాలనుకునే అంధులు డబ్బు పెట్టి జాస్ కొనాల్సిందే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ చాలదు అన్న మాటను నేను ఒప్పుకోను. బొబ్బిలిలో మా తమ్ముడి బ్యాంకు పరీక్షల చదువంతా ఎన్‌వీడీఏతోనే. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే అంధుడు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు, విజయనగరం వచ్చినప్పుడు నెట్ సెంటర్‌లోని విండోస్ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడుపుకుంటాడు. లైసెన్సు కొనలేని ఇంటికి ఇది చిన్న సౌకర్యమా? జాస్ మంచిదే, కాదనను. కానీ వాడికి అసలు అడ్డంకి వేరే ఉంది. కోచింగ్‌లో ఇచ్చే తెలుగు నోట్సు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలో ఉండదు; ఇంగ్లిషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత ఫాంట్లలో ఉంటుంది. తెర మీద చక్కటి తెలుగే కనిపిస్తుంది, చెవికి మాత్రం పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. ఎంత ఖరీదైన రీడర్ కొన్నా ఆ ఫైలును తెలుగులో చదవలేదు. ముందు ఆ నోట్సు యూనికోడ్‌లో ఇప్పించండి.