బ్యాక్‌వర్డ్ అంటే దేన్లో?

"మీది బ్యాక్‌వర్డ్ ఏరియా కదండీ" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మాది రాజాం. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చిపడ్డాం. జిల్లా మారింది గానీ ఈ ముద్ర పోలేదు.

ఇంగ్లీషులో ఈ విశేషణానికి మొదటి అర్థం వట్టి దిక్కు. క్రికెట్‌లో బ్యాక్‌వర్డ్ పాయింట్ లేదూ? బ్యాట్స్‌మన్ క్రీజుకి కాస్త వెనక వైపు నిలబడే చోటు. దక్షిణాఫ్రికా ఫీల్డర్ జాంటీ రోడ్స్ పేరు తెచ్చుకున్నది అక్కడే, ఆయన్ని చూసి ఎవరూ జాలిపడలేదు. మనుషుల విషయంలో బిడియం అనే అర్థమూ ఉంది. చదువు సరిగా అబ్బని పిల్లల్ని ఒకప్పుడు అలా అనేవారు. అది అవమానమని ఇంగ్లీషువాళ్లే మానుకున్నారు. మనం దాన్ని ఏరుకొచ్చి జిల్లాలకు జిల్లాలకే తగిలిస్తున్నాం. "బ్యాక్‌వర్డ్స్ ఏరియా" అనేవాళ్లు ఇంకో రకం. ఆ చివరి ఎస్ క్రియావిశేషణానికే గానీ విశేషణానికి ఉండదు బాబూ!

మొన్న మా పిన్ని కూతురికి ఓ సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త జీడిపప్పు పకోడీ నములుతూ, "బ్యాక్‌వర్డ్ ఏరియా పిల్ల, సిటీలో సర్దుకుంటుందా?" అంది. పిల్ల ఉద్యోగం చేసేది బెంగళూరులో. "ఏటమ్మా, అలాగంటారు?" అని పిన్ని అంటే, ఆ "ఏటి"కి కూడా ముసిముసి నవ్వులే. కట్నం దగ్గర మాత్రం ఆవిడ ఏమాత్రం బిడియపడలేదు. ఆ అర్థంలో ఆవిడ అస్సలు బ్యాక్‌వర్డ్ కాదు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన ఊరు విజయనగరం. ఇవేవీ ఆ నవ్వేవాళ్లకి పట్టవు.

అలాగని ఆ మాటే వద్దనను. రాజ్యాంగంలో 340వ అధికరణం "సామాజికంగా, విద్యాపరంగా" వెనుకబడిన తరగతులు అంటుంది. దేన్లో వెనుకబాటో ముందే చెబుతుంది. 2014 విభజన చట్టం 46వ సెక్షన్ వెనుకబడిన ప్రాంతాలకు ప్రత్యేక ప్యాకేజీ అంటూ ఉత్తర కోస్తా పేరు విడిగా ఎత్తింది. అక్కడ ఆ మాట మన హక్కు, గట్టిగా పట్టుకుని అడగాలి. 2018లో కేంద్రం వెనుకబడిన జిల్లాలకు "ఆస్పిరేషనల్", అంటే ఎదగాలని ఆశపడేవి, అనే ఇంకో విశేషణం తెచ్చి విజయనగరాన్నీ ఆ జాబితాలో పెట్టింది. వినసొంపుగానే ఉంది. వలసలు ఆగలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో జనం పోతున్నారు. అది చూపించి, వైద్యంలో ఈ ప్రాంతాన్ని వెనక పడేశారనండి, మీకంటే గట్టిగా నేనూ అరుస్తాను. ఊరి పేరు చెప్పగానే, యాస వినగానే అనేస్తే మాత్రం "దేన్లోనండీ?" అని అడుగుతాను. చెప్పేదాకా వదలను.