అత్తయ్య చీర, ఆక్స్‌ఫర్డ్ కాలువ

మా మావయ్యది రాజమండ్రి. ఆ ఒక్క అర్హతతో ఆయన ఇంగ్లండులో పడవ నడపడానికి సిద్ధమైపోయాడు. అద్దెకిచ్చే కుర్రాడు జాగ్రత్తలు చెబుతుంటే "గోదారోళ్లకి పడవ నేర్పుతాడేంట్రా వీడు?" అని సగంలోనే తల ఊపేశాడు. ఈయన ఉద్యోగమంతా బ్యాంకులో చేశాడనీ, గోదావరి మీద లాంచీ ఎక్కినప్పుడల్లా టికెట్ కొనుక్కునే ఎక్కాడనీ ఆ కుర్రాడికేం తెలుసు? పైగా ఒక్కరోజు అద్దె పడవకి లైసెన్సు అడిగేవాళ్లు కూడా లేరు.

ఆక్స్‌ఫర్డ్ కాలువలో నాప్టన్ దగ్గర ఎక్కాం. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు మొదలుపెట్టిన కాలువ ఇది. గుట్ట అడ్డొస్తే తవ్వే బాధ పెట్టుకోకుండా దాని చుట్టూ తిప్పుకుపోవడం ఆయన పద్ధతి. అందుకే నాప్టన్ గుట్ట మీది గాలిమర కాసేపు ఎదర, కాసేపు పక్కన, ఇంకాసేపటికి వెనక కనిపిస్తుంది. 1790లో ఆక్స్‌ఫర్డ్ దాకా పూర్తయ్యాక ఇందులో బొగ్గు పడవలు తిరిగేవి. ఇప్పుడు మాలాంటివాళ్లు తిరుగుతున్నారు.

పడవ వెడల్పు 7 అడుగుల లోపే. పొడవు మాత్రం 40 అడుగులు. నడిపేవాడు వెనక చివర నిలబడాలి. చుక్కాని ఎడమకి తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది, అది కూడా కాస్త ఆలోచించుకున్నాక. గంటకి 4 మైళ్ల వేగం దాటకూడదు. గట్టున పడవలు కట్టి ఉన్నచోట ఇంకా తగ్గించాలి. కాబట్టి ఇక్కడ గుద్దుకోవడం కూడా తీరిగ్గానే జరుగుతుంది. ఎదర కట్టేసి ఉన్న ఆకుపచ్చ పడవని మేం గుద్దబోతున్నామని అందరికీ చాలా ముందే తెలిసిపోయింది. మా ఆవిడ చెప్పింది. నేను చెప్పాను. గట్టు మీద కుక్కతో నడుస్తున్న పెద్దావిడ చెప్పింది. ఆ పడవాయన టీ కప్పుతో బయటికొచ్చి, పూలకుండీ అవతలికి జరుపుకుని, మావైపు చూస్తూ నిలబడ్డాడు. మావయ్య రివర్స్ వేశాడు. రివర్స్‌లో చుక్కాని మాట వినదు. ఠంగుమంది.

పెద్ద దెబ్బేం కాదు గానీ, లోపల అత్తయ్య పులిహోర పక్కన ఆవకాయ వడ్డిస్తోంది. సీసా ఒళ్లో పడింది.

ఆవకాయ నూనె మరకని ఆవిడ నిమిషం కూడా ఉంచదు. సంచిలో ఎప్పుడూ ఇంకో చీర ఉంటుంది కాబట్టి అది కట్టుకుని, కొత్త వెంకటగిరి చీరని పడవ సింకులోనే ఉతికి, కప్పు పక్కనున్న కమ్మీకి ఆరేసింది. ఇంగ్లండు ఎండ మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని నేనింకా చూడలేదు.

ఇంతలో లాకులొచ్చాయి, అంటే నీళ్లు నింపి పడవని పైకెత్తే తలుపుల తొట్లు. ఇక్కడ కొండెక్కడానికి మొత్తం 9. మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. "అచ్చం మన లొల్ల లాకుల్లా ఉన్నాయిరా!" అంటూ కాటన్ దొర, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, డెల్టా కాలువలు, అన్నీ చెప్పుకొచ్చి, "ఇంతకీ లాకులు తీసే లస్కరేడి?" అన్నాడు. ఇక్కడ లస్కర్లం మేమే. ఇనప హ్యాండిల్‌తో తూములు ఎత్తాలి, నీళ్లు సమానమయ్యాక తలుపు దూలాన్ని వీపుతో నెట్టాలి. నేనూ మా ఆవిడా అలా నెడుతుండగా గాలి వీచింది.

చీర నీళ్లలో పడడం మేమెవరం చూడలేదు. ప్రొపెల్లర్ చూసింది. లాకులోంచి సగం బయటికొచ్చాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కింద ఒక పడవ, పైన ఒక పడవ మాకోసం ఆగి ఉన్నాయి. అందరి మొహాల్లోనూ చిరునవ్వులే. ఈ ఇంగ్లీషువాళ్ల ఓపిక చూస్తేనే మనకి టెన్షన్ పెరుగుతుంది. ఒక్కరైనా తిడితే బావుణ్ణనిపిస్తుంది.

తాడు పట్టి లాగాల్సొచ్చింది. ఇక్కడ పూర్వం పడవల్ని గుర్రాలు లాగేవి, మన కాలువల్లో మనుషులు లాగేవారు. మావయ్య మన పద్ధతి నిలబెట్టాడు.

వెనక డెక్కు కింద ఒక మూత ఉంటుంది. ఇంజను ఆపి, తాళంచెవి తీసేసి, అది విప్పితే చెయ్యి నేరుగా ప్రొపెల్లర్‌కి అందుతుంది. ఈలోపు ఆకుపచ్చ పడవాయన నడుచుకుంటూనే మమ్మల్ని అందుకున్నాడు, చేతిలో బ్రెడ్డు కోసే కత్తితో. కోసెయ్యమన్నాడు.

"ఏవండీ, కత్తి ముట్టుకున్నారంటే నా మీద ఒట్టే! ఫాల్ కుట్టించి వారం కాలేదు" అంది అత్తయ్య.

దాంతో మావయ్య బోర్లా పడుకుని, భుజం దాకా చన్నీళ్లలో పెట్టి, షాఫ్టు వెనక్కి తిప్పుతూ ఆరు గజాలూ విప్పాడు. "అంచు జాగ్రత్త" అనీ, "ఇంక కొంగే, మెల్లిగా" అనీ ఆవిడ పైనుంచి చెబుతూనే ఉంది. బర్మింగ్‌హామ్‌లో ప్రొపెల్లర్లకి చీరలు చుట్టుకుంటాయని విన్నాను గానీ, చీర గలావిడతో సహా చూడడం ఇదే మొదటిసారి అన్నాడు కత్తాయన.

సాయంత్రం పడవ అప్పగించేటప్పుడు, ఏమైనా తగులుకుందా అని కుర్రాడు అడిగాడు. అత్తయ్య గ్రీజు చీర విప్పి చూపించింది. కత్తి పెట్టకుండా తీశారంటే వాడు నమ్మలేకపోయాడు. ఆఫీసు గోడకి తగిలించుకుంటాం, ఇస్తారా అని అడిగాడు. మావయ్య వెంటనే ఒక రేటు చెప్పాడు. అత్తయ్య దానికి రెండింతలు చెప్పింది.