కార్డినల్ టోపీ, కుల సర్టిఫికెట్

2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో ఎర్రటోపీ పెట్టి కార్డినల్ (కొత్త పోప్‌ను ఎన్నుకునే పెద్ద) చేసినవాళ్లలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకరు హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ, తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఇంకొకరు జార్జియో మారెంగో. ఇటలీలో పుట్టి, మంగోలియాలో పనిచేస్తూ 48 ఏళ్లకే కార్డినల్ అయ్యారు. అక్కడ కతోలికులు మొత్తం సుమారు 1,500 మంది. తిరుపతిలో ఓ పెద్ద పెళ్లి భోజనాలకు వచ్చే జనం అంత. చిన్న సంఘమే, కానీ లెక్క మాత్రం పక్కా. 1992లో తొలి మిషనరీలు దిగినప్పటి నుంచి ఎవరు ఎప్పుడు చేరారో రిజిస్టరు చూసి చెప్పగలరు.

మన దగ్గర ఆ లెక్కే తేలదు.

ఆంథోనీ 1961లో ఉమ్మడి కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టారు. పేద ఇల్లు. ఏడో తరగతితో ఆగిపోవాల్సిన చదువు మిషనరీల పుణ్యమా అని ముందుకు సాగింది. 1992లో ఆయన ఫాదర్ అయింది కడప మేత్రాసనానికి (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి). అంటే మనకే. 1976లో నెల్లూరు నుంచి విడగొట్టిన ఈ మేత్రాసనంలోనే ఉమ్మడి చిత్తూరు జిల్లా అంతా ఉంది. కొన్నాళ్లు అమెరికాలో ఉండి వచ్చాక, పేద పిల్లల చదువులకు విదేశీ దాతలను కలిపే స్పాన్సర్‌షిప్ పని ఇక్కడే చూశారు. 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా నియామకం. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకోడానికి కూర్చున్న 133 మందిలో ఆయన కూడా ఒకరు. వాళ్లలో ఉన్న నలుగురు భారతీయుల్లో తెలుగువాడు ఆయనొక్కడే.

ఇది కొత్తగా వచ్చిన మతమేమీ కాదు. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరులో మకాం పెట్టారు. మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అయినా జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 2001లో 11.8 లక్షలు, 2011లో 11.3 లక్షలు. ఆ పదేళ్లలో ఊరూరా చర్చిలు లేచాయి, జనం మాత్రం తగ్గారట! ఇది నమ్మాలంటే ఆదివారం పూట ఏ దళితవాడకూ వెళ్లకుండా ఉండాలి.

చిత్తూరు పల్లెల్లో ఇందులో దాపరికం కూడా పెద్దగా లేదు. జ్ఞానస్నానం పుస్తకంలో మేరమ్మ, రేషన్ కార్డులో మునెమ్మ. కొడుకు ఫాదర్‌కు జోసెఫ్, పదో తరగతి సర్టిఫికెట్‌లో మునిరత్నం. కుల ధృవీకరణ కోసం సచివాలయంలో అప్లికేషన్ పెట్టేటప్పుడు మతం దగ్గర 'హిందూ' అని రాస్తారు. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. నిజం చెబితే మన రాష్ట్రంలో బీసీ-సీలో పడతారు. 15 శాతం కోటా పోయి 1 శాతం మిగులుతుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఏపీ హైకోర్టు కూడా చెప్పింది. తిరుపతిలో అయితే కోటాతో పాటు ఇంకో టెన్షన్ కూడా ఉంది. కొండ కింద ఊళ్లో 'మేం క్రైస్తవులం' అని గట్టిగా చెప్పుకోవాలంటే పదిసార్లు ఆలోచిస్తారు.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. చట్టం ప్రకారం చూస్తే వాళ్ల మాట కొట్టిపారేయలేం. కానీ మతం మారాడని మునిరత్నాన్ని ఊళ్లో ఎవరూ వేరేగా చూడరు. కులం పేరు అదే, వాడ అదే, టీ కొట్టు దగ్గర చూపు అదే. మారని దాన్ని మారిందని ఒప్పుకుంటేనే నిజాయితీపరుడివి అని చట్టం అంటోంది. నా దృష్టిలో అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

సంఘం లోపల కులం పోయిందా అంటే, అదీ లేదు. తెలుగు కతోలికుల్లో రెడ్లు, కమ్మలు తరాలుగా ఉన్నారు. పెళ్లి సంబంధాలు ఎవరివి వాళ్లవే. 2016లో కడప బిషప్‌నే కిడ్నాప్ చేశారు. ఆ కేసులో అరెస్టయినవాళ్లలో ఫాదర్లూ ఉన్నారు. దీని వెనక కుల వైరం ఉందన్న మాట అప్పట్లో బాగా వినిపించింది. దళితుడు కార్డినల్ అయ్యాడని సంబరపడినవాళ్లు ఆ తర్వాతి ప్రశ్న అడగలేదు. పక్క మేత్రాసనంలో ఒక ఫాదర్‌ను బదిలీ చేసే అధికారం కూడా కార్డినల్‌కు ఉండదు. ఏ బిషప్‌కు ఆ బిషప్పే పెద్ద. టోపీతో వచ్చేది గౌరవం, రోమ్‌లో ఒక ఓటు, ఢిల్లీలో మాట వినేవాళ్లు. ఆ మాట దేనికి వాడతారన్నదే లెక్క.

వాడాల్సిన చోటు కనిపిస్తూనే ఉంది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. కేంద్రం దాన్ని ఒప్పుకోలేదు. ఆంథోనీ కార్డినల్ అయిన రెండు నెలలకే, 2022 అక్టోబరులో, ఇదే విషయం చూడమని బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఏపీ అసెంబ్లీ 2023లో అనుకూలంగా తీర్మానం చేసి పంపింది.

ఇక 2027 జనగణన వస్తోంది, ఈసారి కులం కూడా రాస్తారు. 'ఉన్నది ఉన్నట్టు రాయించండి' అని కార్డినల్ ఒక్క లేఖ రాస్తే, మిగతా బిషప్‌లూ సరేనంటే ప్రతి విచారణలో (ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధిలో) ఆదివారం పూజలో చదువుతారు. అప్పుడు సంఘం అసలు బలం తెలుస్తుంది. ప్రభుత్వం ముందు పెట్టడానికి అంతకంటే గట్టి లెక్క ఉండదు. కానీ ఆ నిజానికి భయపడేది మునిరత్నం ఇల్లు. సీటు, ఉద్యోగం పోతాయేమోనన్న బెంగ వాళ్లది, బిషప్ హౌస్‌ది కాదు. అలాంటి ఇంట్లోంచే వచ్చిన మనిషి ఆ లేఖ రాస్తారని నేను అనుకోను. హోదా రాకముందు రాయకపోవడమే సబబని కూడా అంటాను.