కునికే పీఠానికి బంతిపూల దండ

మా ప్లీడరుగారి గదిలో కొత్తగా ఒక పటం వెలిసింది. బంగారు రంగు ఫ్రేములో భుజాల దాకా జారిన విగ్గులతో నలుగురు న్యాయమూర్తులు. "హుందాతనమంటే అదీ!" అన్నారాయన, మా గట్టు తగాదాకు పదకొండో వాయిదా తేదీ చీటీ మీద రాసిస్తూ. నేను కాదనలేదు. ఫీజు బాకీ ఉన్నాను.

ఆ బొమ్మ పేరు 'ది బెంచ్'. 1758లో లండన్‌లో వ్యంగ్య చిత్రకారుడు విలియం హోగార్త్ రాగి రేకు మీద గీసి అచ్చువేశాడు. అందులో కాగితం చూస్తున్న స్థూలకాయుడు సివిల్ తగాదాలు తీర్చే కామన్ ప్లీస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ విల్స్. పక్కనే ఒకాయన హాయిగా నిద్రపోతున్నారు. అయ్యా ప్లీడరుగారూ, అది సన్మానపత్రం కాదు, తిట్టు! ఖర్చుపెట్టి కొని, ఫ్రేము కట్టించి, మేకు కొట్టించి మరీ తగిలించుకున్న తిట్టు!

చెబితే వినేదెవరు? పటం కింది బల్ల మీద నా పక్కన కూర్చున్న తాత చెప్పులు విడిచి చేతులు జోడించాడు. "ఏ పీఠం స్వాములు బాబూ?" అని అడిగాడు. "లండన్ పీఠం తాతా" అన్నాను. ఇంకోసారి దండం పెట్టాడు. శుక్రవారం గుమాస్తా అగరువత్తి వెలిగించి బంతిపూల దండ వేశాడు. దండ కొస సరిగ్గా నిద్రపోతున్న స్వామి ముక్కు మీద పడింది. ఆయన లేవలేదు. పొగ చుట్టుముట్టినా లేవలేదు. 1758 నుంచి లేవనివాడు మా గట్టు కోసం లేస్తాడా?

రాగి రేకులు మనకు కొత్త కాదు. అన్నమయ్య సంకీర్తనలు మిగిలింది వాటి మీదే. అయితే అవి చదువుకోవడానికి చెక్కినవి. అచ్చుకోసం చెక్కేది అద్దంలో చూసినట్టు కుడి ఎడమై ఉంటుంది. గీతల్లో సిరా నింపి, పైది తుడిచేసి, తడి కాగితం పరిచి గట్టిగా నొక్కుతారు. గీత లోతుగా దిగినచోట నలుపు, దిగనిచోట తెలుపు. ఆ విగ్గుల తెల్లదనమంతా పనిముట్టు తాకని రాగే! పెద్దల తెలుపు చాలాచోట్ల అలాంటిదే.

ఇక్కడిదాకా నవ్వుకున్నాను. ఆపైన నవ్వు రాలేదు. ఆ రోజుల ఇంగ్లండులో దుకాణంలోంచి 5 షిల్లింగుల సరుకు గుట్టుగా కాజేస్తే ఉరి. 1699 నాటి చట్టం. ఈ విగ్గులవాళ్లే జిల్లాలు తిరిగి నేర విచారణలూ చేసేవారు. 5 షిల్లింగులకు మెడ! సంకెళ్లతో నిలబడ్డవాడికి ముందురాత్రి కన్ను మూతపడి ఉంటుందా? ఇవాళ మన జైళ్లలో నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాలేదు, శిక్ష మాత్రం నడుస్తోంది. నా గట్టు ఎక్కడికీ పోదు. వాళ్ల యవ్వనం ఎవడబ్బ సొత్తని వాయిదాలు వేస్తున్నారు? దానికి దండ వేసి, అగరువత్తి వెలిగించి, హుందాతనమంటారా?

హోగార్త్ చనిపోవడానికి ముందురోజు, 1764 అక్టోబరు 25న కూడా, ఆ రేకునే సవరిస్తూ కూర్చున్నాడు. పైనున్న రాజచిహ్నం చెరిపి అక్కడ తలకాయల వరుస మొదలుపెట్టాడు. పూర్తికాలేదు. ఇంకొక వారం బతికి ఉంటే బొమ్మ మరింత బాగా అర్థమయ్యేదని తరువాత రేకు కింద రాశారు. ఆయన అడగాల్సింది వారమే, దొరకలేదు.

మాకు మాత్రం వచ్చే జూన్ దాకా ఇచ్చారు.