హింగోలి ఇక ఆగరాదు

2017 ఆగస్టు 17న, మన గడియారాల్లో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలప్పుడు, ఒక గురుత్వ తరంగం, అంటే స్థలకాలాన్నే కదిలించే అల, భూమిని తాకింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (పేలిపోయిన పెద్ద నక్షత్రాల అతి సాంద్రమైన అవశేషాలు) ఢీకొని ఏకమైన ప్రకంపన అది. ఇలాంటి తరంగాలను పసిగట్టే అమెరికాలోని రెండు లైగో కేంద్రాలూ దాన్ని స్పష్టంగా పట్టుకోగా, ఇటలీలోని అదే తరహా కేంద్రం విర్గోకు మాత్రం ఆనవాలు దాదాపుగా చిక్కలేదు. ఆ నిశ్శబ్దమే దారి చూపింది. విర్గోకు సరిగా అందని దిశ నుంచే తరంగం వచ్చి ఉండాలని తేలడంతో వెతకవలసిన ఆకాశం బాగా కుదించుకుపోయింది. పదకొండు గంటలు తిరగకముందే, చీకటి పడిన చిలీలో ఒక మీటరు అద్దమున్న దూరదర్శిని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో ఆ కొత్త వెలుగును గుర్తించింది. ఆపై దాదాపు 70 వేధశాలలు అటే గురిపెట్టాయి. పుణె సమీపాన ఉన్న మన రేడియో దూరదర్శిని జీఎంఆర్‌టీ కూడా అందులో పాలుపంచుకుంది.

ఏ ఒక్క దేశపు నేల మీద నుంచీ ఆకాశమంతా కనబడదు. హైదరాబాద్‌కు ఇది వందేళ్ల నాటి అనుభవం. నక్షత్రాలన్నింటినీ ఫొటోలు తీసి పట్టిక కట్టాలని 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్ని పట్టీలుగా విభజించి వేధశాలలకు పంచారు. చిలీలోని శాంటియాగో పూర్తి చేయలేకపోయిన దక్షిణపు పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు, హైదరాబాద్‌లోని మన నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. సన్నటి గళ్లు ముద్రించిన గాజు పలకలపై ఒక్కొక్క చుక్క స్థానాన్నీ కొలిచి, లక్షల నక్షత్రాల లెక్కను ఏళ్ల తరబడి ఓపికగా రాసిన ఆ సిబ్బంది ఒప్పుకొన్న పనిని నిలబెట్టారు. అదే వేధశాల నీడలో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షుడయ్యారు.

ఇప్పుడు మన వంతు మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో ఉంది. నాలుగేసి కిలోమీటర్ల రెండు బాహువులతో నిర్మించవలసిన గురుత్వ తరంగాల కేంద్రం లైగో-ఇండియాకు 2016 ఫిబ్రవరిలో సూత్రప్రాయ అనుమతి లభించగా, రూ.2,600 కోట్ల వ్యయంతో తుది ఆమోదం దక్కడానికి 2023 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడేళ్లను సమర్థించడం మాకు సాధ్యం కావడం లేదు. కీలక పరికరాలను అమెరికా సమకూరుస్తోంది. భవనాలు, గాలి తీసేసిన శూన్య నాళాలు, నడిపే నిపుణులు మన బాధ్యత. ఇప్పుడున్న కేంద్రాలకు ఎంతో దూరాన మరొకటి తోడైతేనే తరంగం పుట్టిన చోటును మరింత కచ్చితంగా చెప్పగలమన్నది నిపుణులకు కొత్త సంగతి కాదు. నిర్మాణం ఎంతవరకు వచ్చిందో కేంద్ర ప్రభుత్వం ఏటా పార్లమెంటు ముందుంచాలి. పరికరాన్ని నడపవలసిన యువ ఇంజినీర్ల నియామకాలు భవనాలు లేచేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టాలి.