సిరొంచలో తెలుగు కరపత్రం కావాలి

పత్తిలో పూత రాలుతోందంటే మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, రాజురా వైపు మన రైతు కృషి కేంద్రానికి, అంటే పురుగుమందుల దుకాణానికి వెళ్లి 'టానిక్' అడుగుతాడు. ఆ పేరు మీద సూక్ష్మపోషకాలూ అమ్ముతారు, నాచు రసాలూ అమ్ముతారు, మొక్క ఎదుగుదల తీరును మార్చే వృద్ధి నియంత్రకాలనే కృత్రిమ రసాయనాలూ అమ్ముతారు. అన్నీ ఒకే గాటన కట్టేవి కావు.

పూత నిలవడానికి కొట్టే ఎన్‌ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం) అనే వృద్ధి నియంత్రకాన్నే చూడండి. 4.5 శాతం మందు 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చాలు. అంటే పది లక్షల పాళ్లలో 10 పాళ్లు. ఇదే రసాయనాన్ని ఆపిల్ తోటల్లో అదను చూసి పిందెలు రాల్చడానికీ వాడతారు. మెపిక్వాట్ క్లోరైడ్ అనే మరో నియంత్రకం మొక్కలో ఎదుగుదలను పెంచే జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారీని అడ్డుకుని పత్తి ఏపును తగ్గిస్తుంది. వానల్లేక వాడిన చేనుకు దాన్ని కొడితే ఉన్న ఎదుగుదలా కుంగిపోతుంది. 2,4-డి కూడా ఈ వృద్ధి నియంత్రకాల కుటుంబానిదే. మోతాదు పెరిగితే కలుపు మందు. వరిలో ఆ మందు కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తిలోకి తెస్తే ఆకులు బెండాకుల్లా చీలి సన్నబడతాయి, కాత దెబ్బతింటుంది. ఇలాంటి మందులను మూతతో కొలిచి పోయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఈ నియంత్రకాలు 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కిందికి వస్తాయి. 1971 నియమాల ప్రకారం మందుతో ఇచ్చే కరపత్రం ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి లేదా రెండు ప్రాంతీయ భాషల్లో ఉండాలి. గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసనున్న సిరొంచలో మరాఠీ తర్వాత ఆ రెండో భాష తెలుగు కాక మరేది? మరాఠీ బడిలో చదివిన పిల్లలకు ఇబ్బంది లేకపోవచ్చు. ప్రాణహిత దాటి వచ్చి కౌలు చేసే రైతు మాత్రం దుకాణదారు నోటి మాటనే నమ్ముకోవాలి.

అందుకే మహారాష్ట్ర వ్యవసాయ శాఖను కోరుతున్నాం: సరిహద్దు తాలూకాల దుకాణాల్లో తెలుగు కరపత్రం లేని వృద్ధి నియంత్రకాన్ని అమ్మనివ్వొద్దు. బిల్లులో 'టానిక్' అని రాసి సరిపెట్టనివ్వొద్దు. రసాయనం పేరు, శాతం, బ్యాచి నంబరు ఉండాలి. పంట దెబ్బతిన్న రోజున రైతు చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే. ఖరీఫ్ పత్తి పూతకు రాకముందే తనిఖీలు మొదలుపెట్టాలి.